వీరయ్యకు చోటు లేని బోర్డు

ఏటిగడ్డపాలెం పాలకేంద్రంలో రామబ్రహ్మం అనే సెక్రటరీ ఉండేవాడు. మనిషిని చూడగానే ఆ మనిషి పూటకు ఎన్ని లీటర్ల పాలు పోస్తాడో గుర్తు చేసుకుని, దాన్నిబట్టే మర్యాద చేసే బుద్ధి అతనిది. నలభై లీటర్లు పోసే ఆసామి వస్తే కుర్చీలోంచి లేచేవాడు. పది లీటర్లు పోసేవాళ్లకు ఒక నవ్వు దక్కేది. లీటరు, లీటరున్నర పోసేవాళ్లు వస్తే మాత్రం సరిగ్గా అప్పుడే అతనికి రిజిస్టర్లో ఏదో పని తగిలేది.

ఇది అతని ఇంటి జబ్బయితే మనకెందుకు? కానీ ఆ ఊరి కబుర్లన్నీ అతని చేతిలోనే ఉండేవి. పాలకేంద్రం గోడకు ఒక నల్లబోర్డు ఉండేది. ప్రతి ఆదివారం పొద్దున దాని మీద ‘ఈ వారం మన ఊరు’ అని రాసి, ఎవరింట్లో ఏం జరిగిందో, ఏం జరగబోతోందో రామబ్రహ్మం సుద్దముక్కతో రాసేవాడు. పెళ్లిచూపులు, బారసాలలు, దినాలు, గేదెల ఈతలు, పట్నం నుంచి దిగే అల్లుళ్లు, అన్నీ అందులోనే. రెండు పూటలా పాలు పోయడానికి ఊరంతా అక్కడికి రావాల్సిందే కాబట్టి ఆ బోర్డు చూడనివాళ్లు లేరు.

బోర్డు కింద ఇరవై లీటర్ల క్యాను ఒకటి ఉండేది. దాన్ని ఊరి క్యాను అనేవారు. బుధవారం సాయంత్రం దాని మూత తీసేవారు. వచ్చిన ప్రతివాళ్లూ తమ పాలలోంచి ఒక గ్లాసు అందులో పోసేవారు. ఆ వారం బోర్డు మీద ఎవరింటి కార్యం ఉంటే ఆ పాలు వాళ్లవి. రెండిళ్లలో కార్యాలుంటే చెరిసగం. మంచికైతే ఆ పాలతో పాయసం చేసేవారు, చెడుకైతే తోడుపెట్టి పెరుగు వడ్డించేవారు. ఆ పాయసమో పెరుగో విస్తట్లో పడితేనే ఆ ఇంటికి ఊరు వచ్చినట్టు లెక్క. ఎంత ఉన్నవాడైనా దాన్ని కొని తెచ్చుకోలేడు.

ఆ కేంద్రంలో క్యాన్లు కడిగేది చినవీరయ్య. ఇరవై రెండేళ్లు కడిగాడు. పాలవ్యాను వస్తే క్యాన్లు ఎత్తేదీ అతనే. ఊరి క్యానును సైకిలుకు కట్టుకుని కార్యం జరిగే ఇంటికి చేర్చేదీ అతనే. ఆదివారం తెల్లవారగానే తడిగుడ్డతో బోర్డు తుడిచేవాడు. తుడిచిన గుడ్డను పిండి, బోర్డు పక్కనున్న మేకుకు ఆరేసేవాడు. చదువు రాదు గానీ బోర్డు తుడవడంలో అతనికి పెద్ద పట్టింపు. పాత అక్షరం ఒక్కటి కనపడినా మళ్లీ తుడిచేవాడు.

అతని భార్య అంకమ్మ. ఒకే ఒక్క గేదె, పూటకు లీటరున్నర పాలు. అయినా ఇన్నేళ్లలో ఒక్క బుధవారం కూడా ఊరి క్యానులో ఆమె గ్లాసు తప్పలేదు. గేదె వట్టిపోయిన నెలల్లో పక్కింటి నాగరత్నం దగ్గర గ్లాసెడు చేబదులు తెచ్చి మరీ పోసేది. ఎవరి కోసం అని అడిగేది కాదు. ఊరి కోసం అనుకునేది, అంతే.

ఒక సోమవారం మధ్యాహ్నం చినవీరయ్య క్యాను ఎత్తబోతూ గుండె పట్టుకుని కూలిపోయాడు. ఇంటికి మోసుకొచ్చేసరికే ప్రాణం పోయింది. ఊరివాళ్లు వచ్చారు, మోశారు, వెళ్లారు. గేదెకు మైల తెలియదు గదా! ఏడుస్తూనే అంకమ్మ పాలు తీసింది, ఏడుస్తూనే కేంద్రానికి తెచ్చింది. శనివారం నాడు కిటికీ దగ్గర నిలబడి, “సెక్రటరీ గారూ, గురువారానికి పదకొండో రోజు. ఇంటి దగ్గరే దినం పెట్టుకుంటున్నాం. బోర్డు మీద రాయండి” అని చెప్పింది. రామబ్రహ్మం తలాడించాడు.

ఆదివారం సాయంత్రం వరుసలో నిలబడి అంకమ్మ బోర్డు వంక చూసింది. అక్షరాలు రాకపోయినా ఆ రోజు ఆమెకు బోర్డంతా తన భర్త పేరే కనపడాలనిపించింది. ముందున్న నాగరత్నాన్ని అడిగింది.

“మీ బావ పేరు ఎక్కడుందో కాస్త చూపించమ్మా.”

నాగరత్నం చదవడం మొదలుపెట్టింది. అన్నిటికన్నా పైన, చుట్టూ పువ్వులు గీసి, జానెడు జానెడు అక్షరాలతో ఉన్నది సెక్రటరీ రామబ్రహ్మం గారి కుమార్తె హైమావతి సీమంతం, శుక్రవారం ఉదయం. దాని కింద సంఘం ప్రెసిడెంటు బాపయ్య గారి మనవడికి తొలి పన్ను వచ్చిన శుభవార్త. దాని కింద ఇంకో ఆసామి ముర్రాగేదె ఈనింది, పెయ్యదూడ. దాని కింద ఒకరి అల్లుడు కొత్త మోటారుసైకిల్ మీద అత్తారింటికి వస్తున్నాడు. అంతటితో బోర్డు అయిపోయింది.

“బావ పేరు కనపడలా అక్కా” అంది నాగరత్నం.

“సరిగ్గా చూడు.”

“చూశా. లేదు.”

పిల్లవాడి పాలపన్నుకు చోటుంది. దూడకు చోటుంది. మోటారుసైకిలుకూ చోటుంది. ఇరవై రెండేళ్లు ఆ బోర్డు తుడిచిన మనిషి చావుకు చోటు లేదు! అంకమ్మకు ఒళ్లు భగ్గుమంది. పాలబిందె చంకలో ఉండగానే కిటికీ దగ్గరికి వెళ్లింది.

“సెక్రటరీ గారూ, మా ఆయన దినం గురువారం అని నిన్న చెప్పిపోయినా గదా. బోర్డు మీద లేదంట.”

రామబ్రహ్మానికి రిజిస్టర్లో పని తగిలింది. తల ఎత్తకుండానే, “చోటు చాల్లేదు అంకమ్మా. వచ్చే వారం రాస్తాలే” అన్నాడు.

“వచ్చే వారమా? వచ్చే వారం మా ఆయన మళ్లీ చస్తాడా ఏంది?”

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వింది సెక్రటరీని చూసే అయినా ఆ నవ్వు అంకమ్మకే తగిలింది. రామబ్రహ్మం తల ఎత్తాడు.

“నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అంకమ్మా. మా అమ్మాయి సీమంతం రాసిన బోర్డు మీద చావు కబురు ఎట్టా రాస్తారు? శుభం పక్కన అశుభమా?”

“పోయినేడు బాపయ్య గారి అమ్మ దినం, మీ తమ్ముడి పెళ్లి ఒకే వారం రాశారు. ఊరి క్యాను చెరిసగం చేసి రెండిళ్లకీ మోసింది మా ఆయనే. అప్పుడు శుభం, అశుభం గుర్తు రాలా?”

“బాపయ్య గారి సంగతి వేరు.”

“ఏం వేరయ్యా? ఆమెది చావు, మా ఆయనది చావు కాదా?”

“వాళ్లు పూటకు నలభై లీటర్లు పోస్తారు!” అనేశాడు రామబ్రహ్మం.

అన్నాక నాలుక కరుచుకున్నాడనుకుంటున్నారా? లేదు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నంత మామూలుగా అన్నాడు. అని, ‘తరవాత ఎవరు’ అన్నట్టు చెయ్యి ఊపాడు.

అంకమ్మ పాలు కొలిచి ఇంటికొచ్చింది. కాళ్లు కడుక్కోవడం కూడా మరచిపోయింది. ‘లీటరున్నర మనుషులం మేము’ అనుకుంది. ‘మా చావు కూడా లీటరున్నరేనన్నమాట.’

మరునాడు కూతురు తిరుపతమ్మ దినం కోసమని అత్తవారి ఊరి నుంచి మళ్లీ వచ్చింది. జరిగిందంతా విని, “ఊరుకున్నంత ఉత్తమం లేదమ్మా. ఆయనతో మనకెందుకు? పెరుగు నేను కొనుక్కొస్తా. ఎన్ని లీటర్లు కావాలో చెప్పు” అంది.

“పెరుగు కొనలేక ఏడుస్తున్నానంటే?” అంది అంకమ్మ. “మీ నాన్న ఎంతమంది ఇళ్లకి ఆ క్యాను మోశాడో నీకు తెలుసు. వానలో మోశాడు, జ్వరంతో మోశాడు. ఆయన విస్తట్లో కొన్న పెరుగు వడ్డించమంటావా? ఊరు రావాలి. ఊరు వచ్చిందని ఆయనకి తెలియాలి.”

బోర్డు లేకపోతేనేం, మనుషులకు గుర్తుండదా అనుకుంది. సోమవారమంతా వాకిట్లోకి, ఇంట్లోకి తిరిగింది. ‘గురువారమే గదా అంకమ్మా, ఏమైనా సాయం కావాలా?’ అని ఎవరైనా అడుగుతారని చూసింది. ఎవరూ అడగలేదు. మంగళవారం గోడ అవతల నాగరత్నం బియ్యం చెరుగుతూ సీమంతానికి ఏ చీర కట్టుకోవాలో ఎవరితోనో చెబుతోంది. ఆ మాటలన్నీ ఇవతలికి వినపడుతూనే ఉన్నాయి.

చూశారా ఊరి తెలివి! వీరయ్యను మోసిన భుజాలే అవన్నీ. పదకొండు రోజులు లెక్కపెట్టుకోవడానికి చేతికి వేళ్లు లేవా? ఉన్నాయి. కానీ ఏళ్ల తరబడి బోర్డు చూసి ఏడవడం, బోర్డు చూసి నవ్వడం అలవాటైపోయింది వాళ్లకు. బోర్డు మీద ఉంటే దినం, లేకపోతే లేదు. సెక్రటరీది పొగరైతే, ఊరిది బద్ధకం. రెండింటిలో ఏది పెద్ద పాపమో నేను చెప్పలేను.

బుధవారం సాయంత్రం వచ్చింది. ఊరి క్యాను మూత తీశారు. క్యాను మెడకు రామబ్రహ్మం పసుపు రాయించాడు, బొట్టు పెట్టించాడు. ఒక్కొక్కరే తమ గ్లాసు పోసి, “హైమావతికి పండంటి బిడ్డ పుట్టాలి” అంటూ ముందుకు కదులుతున్నారు. రామబ్రహ్మం ఆ రోజు రిజిస్టరు మూసి, క్యాను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లీటరు మనుషులకు కూడా నవ్వు పంచుతున్నాడు.

అంకమ్మ వంతు వచ్చింది. కేంద్రం క్యానులో తన పాలు కొలిచి పోసింది. ఇంకో గ్లాసు మిగుల్చుకుంది. నిజం చెప్పాలంటే ఆ గ్లాసును ఆమె ఆలోచించి మిగల్చలేదు. ఇరవై రెండేళ్ల అలవాటు చేతిది. పైగా హైమావతి మీద ఆమెకు కోపమేముంది? చిన్నప్పుడు ఆ పిల్లను వీరయ్యే సైకిలు మీద, పాలక్యాన్ల మధ్య కూర్చోబెట్టుకుని పక్కూరి బడికి దించేవాడు. అంకమ్మ గ్లాసు ఎత్తి ఊరి క్యాను మీదికి వంచబోయింది.

రామబ్రహ్మం ఠక్కున అరచెయ్యి క్యాను మీద అడ్డం పెట్టాడు.

“ఆగాగు! మైలలో ఉన్నావు గదా. నీ పాలు ఇందులో పొయ్యకూడదు.”

అంకమ్మ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

“ఇప్పుడే లీటరున్నర కేంద్రం క్యానులో పోసినా. వాటికి లేదా మైల?”

“అవి వ్యానులో పోయే పాలు. వాటి సంగతి వేరు.”

“నీకన్నీ వేరే! చావు వేరు, పాలు వేరు, మనుషులు వేరు! ఈ పది రోజుల్లో ఇరవై పూటలు నా చేతి పాలు తీసుకున్నావే, ఒక్కపూట అడిగావా మైల అని? అమ్ముకునే పాలకి లేని మైల, ఆశీర్వదించే పాలకి వచ్చిందా?”

నాగరత్నం నేల చూపులు చూసింది. అంకమ్మ గ్లాసు కింద పెట్టింది. బోర్డు వైపు చూసింది. వీరయ్య పోయాక ఆదివారం నాడు దాన్ని సరిగ్గా తుడిచినవాళ్లు లేరు. రామబ్రహ్మం చేత్తో అటూ ఇటూ రుద్ది రాసేశాడు. పువ్వుల కింద, పేర్ల కింద, పోయిన వారం అక్షరాలు తెల్లతెల్లగా పొగలా కనపడుతున్నాయి. పక్కనే మేకుకు వీరయ్య ఆరేసిన గుడ్డ ఎండి అట్టలా వేలాడుతోంది.

ఆమె వెళ్లి ఆ గుడ్డ తీసింది. క్యాన్లు కడిగే తొట్టిలో ముంచి పిండింది. ఏం చేయబోతోందో అందరికీ అర్థమయ్యేలోపే సీమంతం సగం చెరిగిపోయింది. తరవాత పన్ను పోయింది. దూడ పోయింది, మోటారుసైకిల్ పోయింది. అందనంత పైనున్న పువ్వుల కోసం పాలబల్ల మీదికి ఎక్కింది. మూలమూలలా, వీరయ్య తుడిచినట్టే తుడిచింది. పది రోజుల తరవాత బోర్డు నల్లగా, శుభ్రంగా అయింది.

“ఏయ్! ఏంటా పని?” అని రామబ్రహ్మం కుర్చీలోంచి లేచాడు. నలభై లీటర్ల మనిషికి లేచినట్టే, లీటరున్నర మనిషికి ఇన్నాళ్లకు లేచాడు.

అంకమ్మ బల్ల దిగి గుడ్డ మేకుకు తగిలించింది.

“చోటు లేదన్నావు గదా. ఇదుగో, బోర్డంతా చోటే. ఇప్పుడు రాయి. రాసే చెయ్యి ఉంటే రాయి!”

అని వరుసలో ఉన్నవాళ్ల వైపు తిరిగింది.

“మీరు కూడా! ఆయన్ని మోశారు, పదకొండో రోజు ఎప్పుడో మీకు తెలియదా?”

“అది గాదక్కా” అని నసిగింది నాగరత్నం. “బోర్డు మీద లేకపోయేసరికి... తిరుపతమ్మ వాళ్ల ఊళ్లో పెట్టుకున్నారేమో అనుకున్నా.”

“పక్కింటిదానివి! మన మధ్య ఉన్నది చేతికందే గోడ. దాని మీద నుంచి ఒక్క మాట అడిగితే నీ నోటి ముత్యాలు రాలతాయా?”

నాగరత్నం కళ్లనీళ్లు పెట్టుకుంది. అంకమ్మ ఆగలేదు. కింద పెట్టిన గ్లాసు తీసుకుని, ఒక్క చుక్క ఒలకకుండా పట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది.

ఇంటికెళ్లి తులసికోట దగ్గర కూలబడి ఏడ్చింది. కోపం దిగిపోయాక భయం పట్టుకుంది. ఊరి ముందు బోర్డు చెరిపేసింది. రేపు ఎవరొస్తారు? ఉన్న నలుగురూ కూడా రారేమో. “నా నోటితో నేనే మీ నాన్న దినం చెడగొట్టాను” అంది కూతురితో. తిరుపతమ్మ వచ్చి తల్లి పక్కనే కూర్చుంది.

ఇంతలో అటు రామబ్రహ్మం ఇంట్లో ఏం జరిగిందో తరవాత ఊరంతా చెప్పుకున్నారు. అతను నిండిన ఊరి క్యాను ఇంటికి తెచ్చి గడపలో దించాడు. హైమావతి నిండు గర్భంతో మెల్లగా వచ్చి, క్యాను చూసి అడిగింది.

“నాన్నా, రేపు వీరయ్య తాత పదకొండో రోజు గదా. వాళ్ల సగం తీసి పంపించేశావా?”

రామబ్రహ్మం క్యాను మూత సర్దబోయాడు. అప్పటికే వీధిలోంచి సంగతి విని వచ్చిన అతని భార్య, దాచకుండా కూతురికి అంతా చెప్పింది. అంకమ్మ గ్లాసుకు చెయ్యి అడ్డం పెట్టిన సంగతి కూడా చెప్పింది. హైమావతి ముఖం మాడిపోయింది.

“ఆ పాలతో నాకు పాయసం వండొద్దు. తాత సైకిలు మీద నేను బడికి వెళ్లి నాలుగు అక్షరాలు నేర్చుకున్నాను. ఆయన పేరు రాయడానికి ఆ నాలుగు అక్షరాలు కూడా నీకు బరువయ్యాయా నాన్నా? అంకమ్మమ్మ దీవెన అడ్డుకుని నా బిడ్డకి ఏం మేలు చేశావు? ఆ క్యాను నువ్వే తీసుకెళ్లి ఇచ్చి రా. వేరేవాళ్లతో పంపిస్తే ఊరుకోను.”

“ఊరంతా చూస్తారే” అన్నాడు రామబ్రహ్మం.

“చూడనీ. ఇందాక చూడలేదా?” అంది కూతురు.

దీపాలు పెట్టే వేళకు వీధిలో సైకిలు చప్పుడైంది. క్యాను కట్టిన సైకిలు చప్పుడు అంకమ్మకు తెలుసు. ఒక్క క్షణం వీరయ్యే వస్తున్నాడనిపించింది. లేచి చూసింది. రామబ్రహ్మం! అలవాటు లేని చేతులతో సైకిలు తోసుకొస్తున్నాడు. క్యాను ఒకవైపు ఒరిగిపోతోంది. చొక్కా మీద పాలు ఒలికాయి. వాకిళ్లలో జనం నిలబడి చూస్తున్నారు, ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు.

అతను క్యాను అరుగు మీద దించి తల వంచుకుని నిలబడ్డాడు.

“తప్పయిపోయింది అంకమ్మా. ఇవి... వీరయ్యకి.”

అంకమ్మ క్యాను మూత తీసి చూసింది. దాని మెడకున్న పసుపును చెంగుతో తుడిచింది.

“తప్పయిపోయింది అంటే అయిపోదు సెక్రటరీ గారూ. ఇరవై రెండేళ్లు మీ ఎదురుగా తిరిగిన మనిషిని మీరు లీటరున్నర అనుకున్నారు. ఆ మాట నేను మరిచిపోను. చచ్చేదాకా మరిచిపోను” అంది.

అంకమ్మ లోపలికి వెళ్లి సాయంత్రం వెనక్కి తెచ్చుకున్న గ్లాసుతో వచ్చింది. ఆ పాలు చిన్న చెంబులో పోసి అతని చేతికిచ్చింది.

“ఇవి నా చేతి పాలు. మీకు కాదు, హైమావతికి. మైల అనుకుంటే దారిలో పారబొయ్యండి. లేకపోతే ఆ బిడ్డకివ్వండి.” ఆగి మళ్లీ అంది. “రేపు మధ్యాహ్నం భోజనానికి రండి. మీకు విస్తరి వెయ్యడానికి మా పంక్తిలో చోటుంది.”

రామబ్రహ్మం ఆ చెంబును రెండు చేతులా పట్టుకుని నడిచి వెళ్లాడు. సైకిలు సంగతే మరచిపోయాడు.

మరునాడు పొద్దున పాలు పోయడానికి వెళ్లినవాళ్లకు బోర్డు మీద ఒకే ఒక్క కబురు కనపడింది. ‘ఈ బోర్డును ఇరవై రెండేళ్లు తుడిచిన చినవీరయ్య గారి దినం, ఈరోజు.’ నాగరత్నం అంకమ్మకు అది రెండుసార్లు చదివి వినిపించింది. కానీ అప్పటికే ఊరికి బోర్డు అవసరం తీరిపోయింది. తెల్లవారకముందే ఆడవాళ్లు కత్తిపీటలు పట్టుకుని కూరలు తరగడానికి వచ్చేశారు. బాపయ్య గారు కూడా వచ్చి చివరి వరుసలో కూర్చుని తిన్నారు. విస్తట్లో పెరుగు గడ్డగా పడింది. వడ్డించింది రామబ్రహ్మం.

అందుకే పెద్దలు చెబుతారు: తోటివాడి కష్టసుఖాలను వాడి కలిమితో కొలవకూడదు, అలా కొలిచేవాడు ఏదో ఒకరోజు తన కన్నబిడ్డ ముందే తక్కువవుతాడు.